ఎవరి భుజానికి తగ్గ బెల్టు వారికి

"అయ్యగారూ, మావాడు ఇంక గిటారు వాయించనంటున్నాడండి. మీకు చెప్పడానికి భయపడుతున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కి రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదంట."

ఒక శుక్రవారం ఉపవాస కూటం ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి నా దగ్గర నిలబడి చెప్పిన మాట ఇది. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి టైల్స్ పనికి వెళ్తున్న కుర్రవాడు. ఆ ఇంటికి అతని చేతులే ఆధారం. ఆదివారం ఆరాధనలో బాస్ గిటారు వాయించేది కూడా ఆ చేతులతోనే.

ప్రియ పాఠకులారా, ఆ మాట విని నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటే రెండు నెలల క్రితం ఆ అబ్బాయి "ఎడమ చెయ్యి లాగుతోందండి" అని నాతో అన్నాడు. "కొత్తలో అలాగే ఉంటుంది బాబూ, అలవాటైతే అదే పోతుంది" అని చెప్పి పంపేశాను. అది పోలేదు. అబ్బాయే పోబోయాడు.

మర్నాడు సాయంత్రం అతణ్ణి మందిరానికి పిలిపించి, "ఒకసారి వాయించు, చూస్తాను" అన్నాను. గిటారు తగిలించుకున్నాడు. అది అతని తొడల మీదకు వేలాడుతోంది. మొదటి మెట్లను అందుకోవడానికి మణికట్టు పూర్తిగా మడిచి, భుజం కిందికి దించి, మెడ పక్కకు వంచి వాయిస్తున్నాడు. "బెల్టు ఎందుకు పొట్టి చేసుకోలేదు?" అని అడిగాను. తల వంచుకుని, "అది మీరు పెట్టుకున్న కొలతండి" అన్నాడు.

సంగతి అప్పుడు అర్థమైంది. నేను పొడగరిని. వేదాంత పాఠశాలలో చదివేటప్పుడు కొంచెం గిటారు నేర్చుకున్నాను. వారం మధ్యలో ఎప్పుడైనా ఆ బాస్ నేనూ తీసేవాణ్ణి. నా ఎత్తుకు సరిపడా బెల్టు పెట్టుకుని అలాగే వదిలేసేవాణ్ణి. అయ్యగారు పెట్టిన కొలత మార్చకూడదని ఆ పిల్లవాడు నెలల తరబడి నొప్పి భరించాడు. ఆ కొలత మార్చడానికి అర నిమిషం చాలు.

అప్పటినుండి ఈ వాయిద్యం గురించి, దానితోపాటు వాడే చిన్న చిన్న వస్తువుల గురించి శ్రద్ధగా తెలుసుకున్నాను. మన గ్రామ సంఘాల్లో ఇప్పుడు చాలాచోట్ల హార్మోనియం, తబలా, డోలక్‌ల పక్కన కీబోర్డు, బాస్ గిటారు చేరాయి. వాటిని వాయించేది మన బిడ్డలే. కాబట్టి ఈ నాలుగు మాటలు తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు కూడా పనికి వస్తాయని తలస్తున్నాను.

అసలు ఈ వాయిద్యం ఏమిటి?

బాస్ గిటారుకు సాధారణంగా నాలుగు లావు తీగలుంటాయి. లావు తీగ నుండి సన్న తీగ వరకు ఇ, ఏ, డి, జి అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. మామూలు గిటారులోని కింది నాలుగు స్వరాల కంటే ఇవి ఒక స్థాయి తక్కువ. పాటలో ఇది ప్రత్యేకంగా వినిపించకపోవచ్చు. కాని ఆపేస్తే పాట కింద నేల కదిలినట్టు తెలిసిపోతుంది. 1980లలో ఇళయరాజా గారు స్వరపరచిన సినిమా పాటలు విన్నవారికి బాస్ గిటారు ఎంత పని చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

పూర్వం ఈ మంద్ర స్వరాల కోసం మనిషి ఎత్తు ఉండే డబుల్ బాస్‌ను నిలబెట్టి వాయించేవారు. దాన్ని ఊరూరా మోసుకెళ్ళడం కష్టం, జనంలో వినిపించడమూ కష్టం. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 1951లో భుజానికి తగిలించుకునే ఎలక్ట్రిక్ బాస్‌ను అమ్మకానికి తెచ్చాడు. మెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది గనుక దానికి ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టాడు. దాని తీగ పలికే పొడవు 34 అంగుళాలు. ఇప్పటికీ ఎక్కువ బాస్ గిటార్లు ఈ కొలతతోనే తయారవుతున్నాయి.

మామూలు గిటారులో ఈ పొడవు సుమారు 25 అంగుళాలే. అంటే బాస్ మీద మెట్లు దూరంగా ఉంటాయి, తీగలు లావుగా ఉంటాయి, బరువూ ఎక్కువే. చాలా బాస్ గిటార్లు మూడున్నర నుండి నాలుగున్నర కిలోల వరకు తూగుతాయి. నాలుగు తీగలూ కలిసి మెడను లాగే బలం సుమారు 70 నుండి 80 కిలోలు ఉంటుంది. ఇలాంటి వాయిద్యాన్ని పదహారేళ్ళ పిల్లవాడు గంటన్నర సేపు నిలబడి వాయిస్తాడు. అందుకే సౌకర్యం గురించి ఆలోచించడం సుఖాల కోసం వెంపర్లాడటం అనుకోకూడదు.

పెద్దవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు

నేను మా అబ్బాయికి మొదట పెట్టిన నియమాలు మూడు. పిక్ వాడకూడదు, వేళ్ళతోనే మీటాలి. రెండు వేళ్ళూ మార్చి మార్చి మీటాలి. తీగలు ఎప్పుడూ కొత్తవై గలగల మోగాలి. నాకు నేర్పినవారు ఇలాగే నేర్పారు. అదే ధర్మశాస్త్రం అనుకున్నాను.

తర్వాత ఈ వాయిద్యంలో పేరుపొందినవారి సంగతులు తెలుసుకుంటే నా నియమాలన్నీ ఒక్కొక్కటిగా కూలిపోయాయి.

డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ పాటల్లో ఎన్నిటికో బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలను మార్చడం కూడా అతనికి ఇష్టం ఉండేది కాదు. పాతబడిన తీగల మొద్దు నాదమే అతనికి కావలసింది. బాస్ వాయించేవాళ్ళు ఇప్పటికీ గురువుగా తలచుకునే మనిషి అతను.

లాస్ ఏంజలెస్ స్టూడియోల్లో వేలాది రికార్డింగులకు వాయించిన కేరల్ కే అనే స్త్రీ మొదట గిటారు వాద్యకారిణి. 1963లో ఒక రికార్డింగుకు బాస్ వాయించేవాడు రాకపోతే ఆ వాయిద్యం ఈమె అందుకుంది. గిటారు అలవాటు కొద్దీ బాస్‌ను కూడా పిక్‌తోనే వాయించింది. నాదం మరీ సాగకుండా బ్రిడ్జి దగ్గర తీగల మీద ఫెల్టు గుడ్డ ముక్క వేసుకునేది.

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీది ఎడమచేతి వాటం. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో హాఫ్‌నర్ కంపెనీ బాస్ కొనుక్కున్నాడు. అది వయొలిన్ ఆకారంలో, లోపల గుల్లగా, తేలికగా ఉంటుంది. తీగ పొడవు సుమారు 30 అంగుళాలే. రెండు పక్కలా ఒకేలా ఉండే ఆకారం గనుక ఎడమచేతితో పట్టుకున్నా తలకిందులుగా కనిపించదు. అది అతని చేతికి నచ్చింది.

ముగ్గురూ మూడు రకాలు. ఎవరు తప్పు? ఎవరూ కాదు. వినేవాడికి పాట అందింది, వాయించేవాడికి చెయ్యి నిలిచింది.

బెల్టు సంగతి

బాస్ గిటారుకు అన్నిటికంటే ముందు చూసుకోవలసింది భుజాన వేసుకునే బెల్టు. గిటారుతోపాటు ఇచ్చే సన్నని నైలాన్ బెల్టు రెండు అంగుళాల వెడల్పు ఉంటుంది. నాలుగు కిలోల బరువు దాని మీద వేలాడితే నీళ్ళ బిందె తాడు అరచేతిని కోసినట్టు భుజాన్ని కోస్తుంది. మూడు, నాలుగు అంగుళాల వెడల్పున్న తోలు బెల్టు గాని దళసరి నూలు బెల్టు గాని వాడితే అదే బరువు పరుచుకుంటుంది. కొందరికి లోపల స్పాంజి పెట్టిన బెల్టు ఇష్టం. మరికొందరికి అది ఊగినట్టు ఉండి నచ్చదు. భుజం మీద వేసుకుని పావుగంట నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

కొన్ని గిటార్లకు తల బరువెక్కువ. చెయ్యి వదిలితే మెడ నేలవైపు వాలిపోతుంది. అప్పుడు ఎడమ చెయ్యి స్వరాలు నొక్కడమే గాక మెడను మోసే పని కూడా చేయాలి. దీనికి లోపలివైపు గరుకుగా ఉండే తోలు బెల్టు మంచిది. అది చొక్కాను పట్టుకుని జారకుండా ఉంటుంది.

ఇక ఎత్తు. ఫోన్లలో వీడియోలు చూసి పిల్లలు గిటారును మోకాళ్ళ దాకా వేలాడదీస్తారు. చూపుకు బాగుంటుంది గాని ఎడమ మణికట్టు మడతపడుతుంది. అలాగని గడ్డం కిందికి ఎత్తేస్తే కుడి మణికట్టు మడతపడుతుంది. తేలికైన కొలత ఒకటుంది. ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకుని వాయించాలి. లేచి నిలబడ్డప్పుడు గిటారు ఇంచుమించు అదే ఎత్తులో ఉండేలా బెల్టు సర్దుకోవాలి. రెండు మణికట్లూ వీలైనంత తిన్నగా ఉంటే అదే ఆ మనిషికి తగిన కొలత. పక్కవాడి కొలత వేరు.

మరొక జాగ్రత్త. బెల్టు రంధ్రం వదులై పిన్ను నుండి ఊడిపోతే గిటారు నేలమీద పడుతుంది. ఇందుకు తాళంలాంటి పిన్నులు దొరుకుతాయి. అవి లేకపోతే దళసరి రబ్బరు వాషరు ఒకటి పిన్ను మీదికి ఎక్కించినా చాలా వరకు ఆగుతుంది.

వేళ్ళా? పిక్కా?

మా సంఘంలో పెద్ద చర్చ జరిగింది దీని మీదే. వేళ్ళతో మీటితే నాదం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. పిక్‌తో మీటితే ప్రతి దెబ్బా స్పష్టంగా వినిపిస్తుంది. మా అబ్బాయి టైల్స్ పనిలో సిమెంటు తగిలి వేళ్ళ కొసలు పగిలిపోయి ఉంటాయి. పిక్ పట్టుకుంటే అతనికి ప్రాణం హాయిగా ఉంది. కాని ఒక పెద్దాయన, "కీర్తన పాడుతుంటే ఆ టకటక ఏమిటి, వడ్రంగి పని చేస్తున్నట్టు!" అన్నారు.

ఆయన చెవి తప్పు కాదు, ఈయన చెయ్యి తప్పు కాదు. కనుక మేము ఒక పని చేశాం. బ్రిడ్జి పక్కన తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చాం. పిక్‌తో మీటినా టకటక తగ్గి, నాదం పొట్టిగా, మెత్తగా వచ్చింది. ఇది మేము కనిపెట్టింది కాదు. ఆ పాత కాలపు ఫెండర్ బాస్‌లకు బ్రిడ్జి మూత లోపల ఇలాంటి ముక్కను కంపెనీవారే అమర్చేవారు. వచ్చే ఆదివారం పెద్దాయన, "ఇవాళ బాగుంది, వేళ్ళతో వాయించాడు గదా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

పిక్‌లలోనూ పలచనివి, దళసరివి ఉన్నాయి. బాస్ తీగ లావు గనుక పలచని పిక్ వంగిపోతుంది. చాలామంది ఒక మిల్లీమీటరు దరిదాపుల్లోనివి, అంతకంటే మందమైనవి వాడతారు. నాలుగైదు రకాలు చేతిలోకి తీసుకుని చూసుకోవడమే మేలు.

వేళ్ళతో మీటేవారికి బొటనవేలు ఆనించుకునే చోటు కావాలి. కొందరు పికప్ మీద ఆనిస్తారు. కొందరు చిన్న చెక్క ముక్కలాంటి ఆసరా బిగించుకుంటారు. ఇక్కడ ఒక సరదా సంగతి చెప్పాలి. తొలినాటి ఫెండర్ బాస్‌లలో ఈ ఆసరా సన్న తీగ కిందివైపు ఉండేది. ఎందుకంటే వాయించేవారు మిగిలిన వేళ్ళను దానికి పట్టించి, బొటనవేలితో మీటుతారని తయారుచేసినవారు ఊహించారు. జనమేమో ఎక్కువగా మిగతా వేళ్ళతోనే మీటారు. చివరికి 1970లలో కంపెనీవారు ఆ ఆసరాను లావు తీగ వైపుకు మార్చారు. వాయిద్యం చేసినవాడి ఊహ కూడా వాయించేవాడి చేతి ముందు తలవంచింది!

తీగలు, మెడ

తీగలు ముఖ్యంగా రెండు రకాలు. గుండ్రని సన్న వైరు చుట్టినవి గరుకుగా ఉండి గలగల మోగుతాయి. చదును రిబ్బను చుట్టినవి నున్నగా ఉండి మెత్తగా పలుకుతాయి. గరుకు తీగ వేలి చర్మాన్ని ఎక్కువ రాపాడిస్తుంది. నున్న తీగ మీద వేలు సులభంగా జారుతుంది గాని కొన్ని రకాలు బిగువుగా ఉంటాయి. తీగల లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. జి తీగ 45, ఇ తీగ 105 ఉన్నది ఎక్కువగా వాడే జత. 40 నుండి 100 ఉన్నది కాస్త తేలిక. చిన్న చేతులవారికి ఈ చిన్న తేడా కూడా తెలుస్తుంది.

తీగలు మెట్లకు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోవాలి. పన్నెండో మెట్టు దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి హాయి. మా గిటారుకు అది నాలుగు మిల్లీమీటర్లు ఉంది! కొన్న రోజు నుండి ఎవరూ చూడలేదు. అబ్బాయి ప్రతి స్వరానికీ అనవసరంగా బలం ఉపయోగించాడన్నమాట. మన కోస్తా తేమకు చెక్క మెడ వంగుతుంటుంది. మెడ లోపలున్న ఇనుప కడ్డీని తెలిసినవారి చేత సరిచేయిస్తే తీగలు దిగుతాయి. తెలియకుండా మనం తిప్పకూడదు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడిస్తే తుప్పు ఆలస్యమవుతుంది.

మెడ వెడల్పు కూడా చేతిని బట్టే. ఫెండర్‌వారే 1960లో తెచ్చిన జాజ్ బాస్ మెడ తల దగ్గర సుమారు 38 మిల్లీమీటర్లు. ప్రెసిషన్ బాస్ మెడ అంతకంటే వెడల్పు. చిన్న చేతులున్న పిల్లలకు, ఆడపిల్లలకు 30 అంగుళాల పొట్టి బాస్ చూపించండి. అది పిల్లల బొమ్మ కాదు. పైన చెప్పిన హాఫ్‌నర్ ఆ కొలతదే గదా. పొడవు బాస్ మీదనైనా మొదటి మెట్ల దగ్గర నాలుగు వేళ్ళూ నాలుగు మెట్లకు సాగదీయనక్కరలేదు. డబుల్ బాస్ వాద్యకారులు అక్కడ ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ కలిపి నొక్కుతారు. మా అబ్బాయికి ఈ ఒక్క మాట చెప్పాక సగం బాధ తగ్గింది.

ఇష్టం వేరు, నొప్పి వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. తోలు బెల్టా నూలు బెల్టా, వేళ్ళా పిక్కా, నున్న తీగా గరుకు తీగా అన్నవి ఇష్టాలు. వీటిలో ఎవరి ఇష్టం వారిది. కాని నొప్పి ఇష్టానికి సంబంధించింది కాదు. కొత్తగా నేర్చుకునేవారికి వేలి కొసలు మండటం సహజం, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. అయితే వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రిపూట చెయ్యి మొద్దుబారడం, మణికట్టు నుండి మోచేతి దాకా గుంజడం, పట్టు తప్పి వస్తువులు జారిపోవడం "అలవాటైతే పోయే" సంగతులు కావు. వెంటనే వాయించడం ఆపాలి, డాక్టరుకు చూపించాలి. సాధన కూడా ఏకబిగిన రెండు గంటలు కాకుండా అరగంటకొకసారి ఆపి చేతులు విదిలించుకోవాలి. మా అబ్బాయిని డాక్టరు మూడు వారాలు గిటారు ముట్టవద్దన్నారు. టైల్స్ పనిలో కూడా మణికట్టు మడిచి ఉంచే పని తగ్గించమన్నారు. ఆ మూడు వారాలూ ఆరాధనలో బాస్ లేదు. లోటు తెలిసింది. కాని చెయ్యి నిలిచింది.

గొల్యాతు ఎదుటికి వెళ్ళే దావీదుకు సౌలు తన కవచం తొడిగిన సంగతి మనందరికీ తెలుసు. సౌలు దురుద్దేశంతో చేయలేదు. తనకున్న శ్రేష్ఠమైనదే ఇచ్చాడు. రాజు ఇచ్చింది ఎలా కాదంటానని దావీదు మొహమాటపడి ఉంటే ఏమయ్యేది? తనకు అలవాటు లేదని చెప్పి విప్పేశాడు, తన చేతికి తెలిసిన వడిసెల తీసుకున్నాడు. ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. నా బెల్టు కొలత ఒక పిల్లవాడి మీద సౌలు కవచంలా వేలాడుతుంటే మాత్రం గమనించలేకపోయాను.

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా! మీ బిడ్డ చేతికి వాయిద్యం ఇచ్చినప్పుడు "ఇలాగే పట్టుకో" అనడానికి ముందు "ఎలా ఉంది?" అని అడగండి. నొప్పి అని చెబితే నమ్మండి. ఒకే గిటారును ఇద్దరు ముగ్గురు వాయిస్తుంటే ఎవరి కొలత వారు పెట్టుకునే స్వేచ్ఛ ఇవ్వండి. యువకులారా, నొప్పి దాచుకోవడం భక్తి కాదు. పెద్దవారికి మర్యాదగా చెప్పండి.

ఇప్పుడు మా గిటారుకు మూడున్నర అంగుళాల తోలు బెల్టు ఉంది. దాని మీద రెండు చోట్ల దారంతో గుర్తులు కుట్టించాం. ఎర్ర దారం ఆ అబ్బాయిది, నల్ల దారం నాది. నేను వాయించాక మళ్ళీ ఎర్ర గుర్తు దగ్గరకు జరిపి గోడకు తగిలించడం నా పని. ఒక్కోసారి మరిచిపోతాను. అలాంటప్పుడు ఆ అబ్బాయి ఇదివరకటిలా తల వంచుకోడు. "అయ్యగారూ, మీ కొలత మీదే ఉందండి" అని నవ్వుతూ తానే సర్దుకుంటాడు.